శేషవస్త్రం అనిపించుకున్న కండువా

నేను ఒక కండువాను. ఊదా రంగు, రెండు కొసలా నిచ్చెన గుర్తు. మరమగ్గం మీద పుట్టాను. అంతకు ముందు వారమే ఆ మగ్గం మీద ఎదుటి పార్టీ చిలకపచ్చ కండువాలకు గుడ్డ నేశారు. నూలుకు పార్టీ లేదు. రంగుతొట్టిలో ముంచాకే మాకు సిద్ధాంతాలు పుట్టుకొస్తాయి. మనుషులకు ఆ మాత్రం ముంచడం కూడా అక్కర్లేదని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది ఎన్నికల్లో నిచ్చెన గుర్తున్న ఊదా పార్టీ గద్దెనెక్కింది గానీ, సభలో ఒక్క ఓటు తక్కువ. మందుల ఫ్యాక్టరీల కోసం రైతుల భూములు తీసుకునే బిల్లు నెగ్గాలంటే ఆ ఒక్కటీ కావాలి. కన్ను లింబాద్రి మీద పడింది. చిలకపచ్చ టికెట్టు మీద గెలిచిన ఎమ్మెల్యే అతను. "మీ చెలకల్ల ఎవడన్న అడుగువెడితే నా శవం మీదికెళ్లి పోవాలె" అని ఊరూరా ఒట్టు పెట్టి గెలిచాడు. సాయవ్వ అనే రైతు ఆ మాట నమ్మింది. ఆమె మూడెకరాలూ పోయే భూముల్లోనే ఉన్నాయి. నడినెత్తిన ఎండలో అతని కోసం ఇల్లిల్లూ తిరిగింది.

గెలిచి నెల తిరక్కుండానే ముఖ్యమంత్రి ఇంట్లో నన్ను తీసి లింబాద్రి మెడలో వేశారు. కెమెరాలు మెరిశాయి.

"నియోజకవర్గం అభివృద్ధి కోసమే వచ్చిన" అన్నాడు.

ఏరు దాటే దాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న! వేలమంది వరసల్లో నిలబడి ఇచ్చిన తీర్పును నా చేత తారుమారు చేయించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పార్టీ మారితే పదవి పోవాలని చట్టం ఉంది. చిలకపచ్చ వాళ్లు సభాపతికి ఫిర్యాదు చేసి, సాయవ్వను సాక్షిగా తీసుకొచ్చారు. విచారణ జరిగిన మర్నాడే బిల్లు మీద ఓటింగు. లింబాద్రి పదవి పోతే ఆమె పొలం దక్కుతుంది.

విచారణకు బయల్దేరే ముందు లింబాద్రి కత్తెర తీసి నా రెండు కొసలూ కోశాడు. నిచ్చెనలు రాలిపోయాయి. మిగిలిన నాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, సభాపతి ముందు భక్తిగా పరిచాడు.

"ఇది పార్టీ కండువ కాదు సార్. గుళ్లె పూజారి కప్పిన శేషవస్త్రం."

"ఫొటోలో నిచ్చెన ఉంది కదా?" అన్నాడు అవతలి వకీలు.

"మడతలు వడ్డయి సార్. గట్ల కనవడ్డది."

సభాపతి గంభీరంగా తల పంకించాడు. ఆయన కూడా నిచ్చెన గుర్తు మీదే గెలిచాడు. ఆ కుర్చీలో కూర్చుంటే అది మరిచిపోతారట!

సాయవ్వ లేచింది. "గుడి బట్టనో, పార్టీ బట్టనో నాకెందుకు సారూ? రేపు చెయ్యి ఎటు లేపుతడో అడుగుండ్రి. ఎటూ చెప్పకపోతే మా ఓటు మాకు మర్లియ్యుండ్రి. మళ్ల ఏసుకుంటం."

ఎవరూ అడగలేదు. ఆధారాలు లేవని ఫిర్యాదు కొట్టేశారు. మర్నాడు లింబాద్రి ప్రతిపక్షం బెంచీలోనే కూర్చుని, బిల్లుకు అనుకూలంగా చెయ్యెత్తాడు. ఒక్క ఓటుతో నెగ్గింది.

శేషవస్త్రం అన్నాక పారేయకూడదు కదా, నన్ను అతని పూజగదిలో పెట్టారు. చెత్తకుప్పలో వేసినా నాకింత అవమానం ఉండేది కాదు. సాయవ్వ చెలక చుట్టూ కంచె పాతిన రోజు అతను తలస్నానం చేసి వచ్చి, నన్ను కళ్లకద్దుకుని, నా ముందు కొబ్బరికాయ కొట్టాడు.