మా ఆవిడకి నీళ్ళంటే భయం

చిరిగిన తెరచాప ఒళ్ళో వేసుకుని, అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, ఆవిడ దబ్బనంతో కుట్లు వేస్తోంది. ఉదయం ఎనిమిదైంది. ఎల్లుండి ప్రయాణం. సరుకులు ఎక్కించడం కూడా అయిపోయింది. అలాంటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన రేవు చెక్కల మీద టకటకా నడిచొచ్చి, పడవ ముందు ఆగి, కొనబోయే గేదెని చూసినట్టు ఆ కొస నుంచి ఈ కొసకి చూశాడు.

"అమ్మకానికి ఉన్న పడవ ఇదేనాండీ?"

"కాదండీ. పక్క వరసలో ఏమైనా ఉందేమో అడగండి."

"మాస్టారు ఈ నంబరే చెప్పారే. నేను పళ్ళ డాక్టర్నండీ. పోయిన వారం ఆయన పన్ను పీకింది నేనే."

దబ్బనం గుడ్డలో సగం దిగి ఆగిపోయింది.

"ఏ మాస్టారు?"

"మీవారేనమ్మా, జాగ్రఫీ మాస్టారు. మీరేం మొహమాటపడకండి, నాకంతా చెప్పారు. మా ఆవిడకి నీళ్ళంటే భయం, అందుకే అమ్మేస్తున్నా అన్నారు. పాపం చాలా బాధపడ్డారు. సోమవారం నుంచి మళ్ళీ స్కూల్లో చేరుతున్నారట కదా. భయమనేది మన చేతుల్లో ఉంటుందా చెప్పండి?"

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎవరికి భయం? అసలీ పడవ పిచ్చి ఎవరిది? ముప్పై ఏళ్ళపాటు గోడ మీది పటంలో పిల్లలకి కర్రతో సముద్రాలు చూపించింది ఆయన. స్టాఫ్ రూములో టీ తాగుతూ, ఎప్పటికైనా పడవెక్కి లోకం చుట్టేస్తానని కోతలు కోసింది ఆయన. తోటి మాస్టర్లు వెటకారంగా కెప్టెన్ అని పేరు పెడితే, అది బిరుదనుకుని మురిసిపోయిందీ ఆయనే. ఇంట్లో రెండేళ్ళు ప్రాణం తీశాడు. మనకెందుకండీ ఈ కొరివితో తల గోక్కోవడం అని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. గోడకి చెప్పుకున్నా వినేదేమో. చివరికి ఒకరోజు, "నీ బతుకంతా ఆ కుట్టు మిషను ముందే తెల్లారిపోతుంది" అన్నాడు. ఆ మాట మాత్రం తగిలింది. సరే పదండి అంది.

ఆవిడకి బజారు మలుపులో కుట్టు కొట్టు ఉండేది. ఇరవై ఆరేళ్ళ కొట్టు. అందులో కొలతల పుస్తకం ఒకటి. ఎవరికి ఒక భుజం వాలుతుందో, ఎవరి కుడి చెయ్యి అరంగుళం పొడుగో, బరువు పెరిగినా ఒప్పుకోని వాళ్ళకి అడక్కుండానే నడుము దగ్గర ఎంత వదలాలో, బజారు బజారంతా అందులో ఉంది. కొట్టుతో పాటు ఆ పుస్తకాన్నీ కొత్త టైలరు చేతిలో పెట్టి వచ్చింది. ఇల్లు అమ్మారు, మంచాలు అమ్మారు, బీరువా అమ్మారు, గరిటెలతో సహా అమ్మారు. అంతా ఊడ్చిపెట్టి ఈ ముసలి తెరచాప పడవ కొన్నారు. నాలుగు నెలలుగా కాపురం ఇందులోనే.

పడవ అమ్మిన ముసలాయన నెల్లాళ్ళు దగ్గరుండి నడపడం నేర్పాడు. విచిత్రం ఏమిటంటే, వచ్చింది ఆవిడకి. ఎంతైనా గుడ్డతో బతికిన చెయ్యి కదా. తెరచాప ఎక్కడ వదులైందో, ఎక్కడ లాగాలో, చూడకుండానే చెప్పేసేది. మొదటిసారి ఇంజను ఆపి ఒట్టి గాలి మీద పడవ కదిలినప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది. ఇన్నేళ్ళు ఆ నాలుగు గోడల మధ్య ఎందుకు కూర్చున్నానురా దేవుడా అనుకుంది.

మరి కెప్టెన్‌గారో? రేవులో అలల్ని ఆపే అడ్డగోడ దాటితే చాలు, వాంతులు. తిన్నది పడలేదన్నాడు. నిద్ర చాలలేదన్నాడు. ఇంజను వాసన అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఆఖరికి పడవే ఒక పక్కకి వాలుతోందన్నాడు. ప్రయాణం మూడుసార్లు వాయిదా వేశాడు. మొదట గాలి బాగాలేదని, తర్వాత ఏదో కాగితం రాలేదని, మొన్న పన్ను నొప్పని. ఆ పన్ను పీకించుకోవడానికి నోరు తెరిచినవాడు, తెరిచిన నోటితోనే పెళ్ళాం పరువూ తీసి వచ్చాడన్నమాట.

ఆయనకేం, వెనక్కి వెళ్ళడానికి స్కూలుంది. ఆవిడకి ఏముంది? కొట్టు పోయింది. పుస్తకం పోయింది. ఉన్నదల్లా ఈ పడవ. దాన్నీ ఆవిడ భయం పేరు చెప్పి అమ్ముతున్నాడు.

అంతలో రొట్టెల సంచి పట్టుకుని మాస్టారు రానే వచ్చాడు. డాక్టర్ని చూసి మొహం మాడిపోయింది.

"మీరు సాయంత్రం కదా వస్తానన్నారు? ఈవిడ సంతకు వెళ్ళాక..." అన్నాడు నీళ్ళు నములుతూ.

"క్లినిక్‌కి వెళ్ళేముందు ఓసారి చూసిపోదామనీ..." అన్నాడు డాక్టరు. ఏదో తేడా కొట్టిందని ఆయనకీ అర్థమైంది.

ఆవిడ ఆఖరి కుట్టు వేసి, ముడి బిగించి, దారం పళ్ళతో తెంపింది. డాక్టరు ఆ పళ్ళ వంక బాధగా చూశాడు.

"ఎక్కండి డాక్టర్‌గారూ. నడిపి చూడకుండా పడవ ఎవరైనా కొంటారా? మీరూ ఎక్కండి."

"ఇవాళ గాలి ఎక్కువగా ఉందే" అన్నాడు మాస్టారు.

"ఉంటే భయపడాల్సింది నేను కదా. మీకేమైంది?"

మాస్టారు రొట్టెల సంచి చంకన పెట్టుకుని ఎక్కాడు.

ఆవిడ తెరచాప ఎక్కించింది, చుక్కాని పట్టింది. అడ్డగోడ దాటగానే పడవ గాలికి ఒరిగి పరుగందుకుంది. డాక్టరు మొదట రెండు చేతులా కమ్మీ పట్టుకున్నాడు. కాసేపటికి ఒక చెయ్యి వదిలాడు. ఆనక నవ్వాడు. మాస్టారు మాత్రం పక్కకి వంగి, పొద్దున తిన్నదంతా సముద్రానికి అప్పజెప్పాడు. ఆవిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది. వీపు నిమరలేదు.

"ఇప్పుడు చెప్పండి. భయం ఎవరికి?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఏ ఇంటికండీ?"

మాస్టారు తల దించుకున్నాడు. డాక్టరు దూరంగా ఏదో పక్షిని చూస్తున్నట్టు నటించాడు, పాపం. అక్కడ పక్షేమీ లేదు.

"నాకే భయం" అన్నాడు మాస్టారు చివరికి. "మొదట్నుంచీ. కళ్ళు మూసుకుంటే నీళ్ళే. ముప్పై ఏళ్ళు గొప్పలు చెప్పుకున్నానే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళను? నీకు భయమంటే ఎవరూ నవ్వరు. ఆడవాళ్ళు కదా, మామూలే అనుకుంటారు. అందుకే అలా అనేశా."

ఆవిడ చుక్కాని గట్టిగా పట్టుకుంది. లేకపోతే ఆ చేత్తో ఏం చేసేదో ఆవిడకే తెలీదు. ఈ మనిషి తనకి భయమని చెప్పి ఏడిచాడా? లేదు. ఒక్కరోజు నోరు తెరిచి చెప్పుంటే పక్కన కూర్చోబెట్టుకుని ఓదార్చేది. తన భయాన్ని తీసి, అది నీదే అని పెళ్ళాం ఒంటికి తొడిగాడు. కొలత కూడా తీసుకోలేదు.

"మీకు భయమని నాకు కోపం లేదు. భయమని ముందే చెప్పుంటే నేను కొట్టు ఇచ్చేసేదాన్నా? ఆ పుస్తకం ఇచ్చేసేదాన్నా? నన్ను అందులోంచి లాక్కొచ్చి, నాకిది ఇష్టమయ్యాక, ఇప్పుడు నా పేరు చెప్పి అమ్ముతారా?"

మాటలు కోటలు దాటిన మనిషికి ఇవాళ మాట పెదవి దాటలేదు.

రేవుకి తిరిగొచ్చాక డాక్టరు దిగి, దణ్ణం పెట్టాడు. "అమ్మా, పత్రాలు ఇద్దరి పేరు మీదా ఉన్నాయన్నారు. మీ సంతకం లేకుండా ఇది కుదరదు. మీరు పెట్టేలా కూడా లేరు."

"పెట్టనండి. మీకు ఇంకో పడవ దొరుకుతుంది."

ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ లోపలికి వెళ్ళి మాస్టారి బట్టల సంచి తెచ్చి, ఆయన దిగాక చేతికిచ్చింది.

"ఎల్లుండి దాకా ఎందుకు, గాలి బాగుంది, నేను ఇప్పుడే బయల్దేరుతున్నా. మొదటి మజిలీ పై రేవేగా, ముసలాయనతో అక్కడికి రెండుసార్లు వెళ్ళొచ్చాను, దారి తెలుసు. పొద్దు వాలేలోపు చేరతాను. బస్సులో అయితే గంట. స్కూలు కావాలంటే స్కూలుకి వెళ్ళండి, నేనేమీ అనను. నేను కావాలంటే బస్సెక్కండి."

"ఒక్కదానివే ఎలా వెళ్తావు? నీకేమైనా అయితే? నాకు భయంగా ఉంది."

నాలుగు నెలల్లో ఎవరూ నిలదీయకుండా ఆయన నోట వచ్చిన మొదటి నిజం అదే.

"ఆ తాడు విప్పండి."

వంగాడు. ముడి రాలేదు. చెమటలు పట్టాయి.

"అలా కాదు. ముందు ఆ పై మడత తీయండి."

తీశాడు. తాడు విసిరాడు. ఆవిడ అందుకుని చుట్టచుట్టింది. పడవకీ చెక్కలకీ మధ్య నీళ్ళు జానెడు వెడల్పయ్యాయి, తర్వాత మూరెడు.

"పన్నెండింటికి బస్సుంది. వస్తే రేవులో నిలబడండి, తాడు అందుకోవడానికి మనిషి కావాలి" అంది. "మీరెందుకు పడవలో రాలేదని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నా పేరు చెప్పకండి."