తవుడు గది

శ్రావణ్ సేటు రైసుమిల్లులో దుమ్ము లాగే ఫ్యాను ఒకటి ఉంది. కూలీలు దాన్ని 'ఆఫీసర్ల ఫ్యాను' అనేవారు. తనిఖీ జీపు వస్తే తిరుగుతుంది, జీపు గేటు దాటితే ఆగిపోతుంది. కరెంటు బిల్లు సేటుది, ఊపిరితిత్తులు కూలీలవి. ఊరికే ఎందుకు తిరుగుతుంది మరి?

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీది ఆ మిల్లులో స్విచ్చుబోర్డు చూసేది కృపాజ్యోతి. అంతకు ముందు ఆ పని ఆమె తమ్ముడు జోయల్‌ది. పోయిన వానాకాలం ఫ్యాను ఆపి, మిల్లు మాత్రం నడుస్తుండగా వాణ్ని తవుడు గది ఊడ్వమని పంపారు. బయట గడియ పడింది. ఆ దుమ్ములో ఊపిరాడక వాడు పడిపోయాడు. గడియ పొరపాటున పడిందనీ, మిల్లు మోతలో అరుపులు ఎవరికీ వినబడలేదనీ సేటు చెప్పాడు. అందరూ నమ్మారు. కృపాజ్యోతీ నమ్మింది.

ఒళ్లు బాగుపడింది గానీ మనసు బాగుపడలేదు. కన్ను మూతపడితే చాలు, ఉలిక్కిపడి లేచి గోడలు తడుముకుంటాడు. పాస్టరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అదీ చాలదని తల్లి ఈరవ్వ బిచ్కుంద దాకా తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. చివరికి కామారెడ్డి డాక్టరు, ఇది మనసుకు తగిలిన దెబ్బ, మానడానికి చాలా కాలం పడుతుందన్నాడు.

ఆ మాట చెప్పి, వాడికి వేరే పని ఇమ్మని కృపాజ్యోతి అడగబోతే సేటు పగలబడి నవ్వాడు.

"మొగపోరడు తవుడు జూసి భయపడుడేందే! గాజులు తొడిగి ఇంట్ల కూసోబెట్టు."

పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె ప్రార్థనలో, తప్పు చేసినవాళ్లను క్షమిస్తున్నామనే మాట దగ్గర నోరు మూసుకునేది. దేవుడికి కోపం వస్తే రానీ అనుకుంది.

ఇలా ఉండగా బియ్యం కొనే పెద్ద కంపెనీ ఒకటి, కూలీల ఆరోగ్యం, మనశ్శాంతి ఎలా ఉన్నాయో చూశాకే బేరమంది. ఇంకేముంది, గోడలకు సున్నం పడింది. 'మా కార్మికుల మనశ్శాంతే మా సంపద' అని బ్యానరు లేచింది. చెప్పేవి శ్రీరంగనీతులని పెద్దలు ఊరికే అన్నారా!

"జ్యోతీ, నీ తమ్మున్ని తోల్కరా. సేటు దవాఖానల సూపించిండు, ఇప్పుడు మంచిగున్న అని మైకుల చెప్తె సాలు," అన్నాడు సేటు.

"సరే సేటు," అంది ఆమె, నేల చూస్తూ. రమ్మంటే జోయల్ రాడనుకుంది. వాడు చొక్కా తొడుక్కుని బయలుదేరాడు.

కంపెనీ వాళ్లు వచ్చే రోజు కూలీలంతా గేటు దగ్గర షామియానా కడుతున్నారు. సేటు తెల్ల బట్టలేసుకుని తవుడు గదిలోకి పోతూ కేకేశాడు.

"జ్యోతీ! మిల్లు, ఫ్యాను రెండూ వెయ్యి. దుమ్ము ఎట్ల గుంజుతదో ఒకపారి సూస్త."

రెండు స్విచ్చులూ ఆమె చేతి కిందే ఉన్నాయి. ఆమె మిల్లు ఒక్కటే వేసింది. తెల్ల బట్టలు తవుడై, సేటు దగ్గుకుంటూ గేటు దగ్గరి కూలీల ముందుకు ఉరికి రావాలి, అందరూ చూసి నవ్వాలి. ఆమె కోరింది అంతే.

ఎంతకూ సేటు బయటికి రాలేదు. తలుపు దబదబ బాదుతున్న చప్పుడైంది. కృపాజ్యోతి పరుగున పోయి చూస్తే గడియ పెట్టి ఉంది. దాని మీద చెయ్యేసి జోయల్ నిలబడ్డాడు.

"తియ్యిరా! సచ్చిపోతడు!"

"ఉండనియ్ అక్కా. ఇంకా అరుస్తుండు గదా."

లోపలి నుంచి సేటు అమ్మ పేరూ, దేవుడి పేరూ పెట్టి అరుస్తున్నాడు.

"ఆ దినం నేను గిట్లనే అరిసిన. సేటు గీడనే నిలబడ్డడు. ఆఫీసుల బ్యాంకోళ్లున్నరు, దుమ్ము బయటికొస్తది, ఆగురా అన్నడు. అరుపు ఆగినంకనే గడియ తీసిండు."

వినబడలేదన్న సేటు మాటను ఇన్నాళ్లూ కృపాజ్యోతీ నమ్మింది. గడియ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తమ్ముడి పక్కన నిలబడి వింది. జాలి కోసం లోపల వెతుక్కుంటే దొరకలేదు.

అరుపు దగ్గయింది, దగ్గు మూలుగైంది. తర్వాత అదీ లేదు. అప్పుడు ఆమె పోయి మిల్లు ఆపి ఫ్యాను వేసింది. జోయల్ గడియ తీశాడు.

సేటు మోకాళ్ల మీద పాక్కుంటూ బయటపడ్డాడు. ప్రాణం ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు. గోడ దొరికితే దాన్ని రెండు చేతులా తడుముతున్నాడు. గేటు దగ్గర కంపెనీ వాళ్ల కార్లు ఆగుతున్నాయి.

జోయల్ వంగి ఆ కళ్లలోకి చూశాడు.

"ఇగ ఈయనకు గూడ నిద్ర రాదక్కా," అన్నాడు.