చుక్క కారని గేటు

మా బావ ఆనకట్ట గేట్ల ఫోర్‌మన్. అక్కని చేసుకున్నప్పటి నుంచీ నన్ను "చేపలమ్మా" అనే పిలుస్తాడు. ఆనకట్ట కింద చేపలు లేక పాడుపడిన ఏటికి మళ్లీ ప్రాణం పోసే పని నాది మరి. గట్ల మీద మొక్కలు నాటించాను, చేపలు గుడ్లు పెట్టుకోవడానికి గులకరాళ్లు పరిపించాను. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆయన చూసుకునే గేట్లలో మూడోది ఎప్పుడూ కారుతూ ఉండేది. భోజనాల దగ్గర అందరూ ఉన్నప్పుడు చూసి, "బావా, నీ గేటుకి జలుబు ఇంకా తగ్గలేదా?" అనేదాన్ని. అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. బావకి మాత్రం నలుగురిలో తల కొట్టేసినట్టు ఉండేది.

ఆ వారం ఆయన గేటు అంచున నీళ్లు కారకుండా ఆపే కొత్త రబ్బరు సీలు తెప్పించి, ఒక రాత్రి పంతం పట్టి బిగించాడు. మర్నాడు పై అధికారి చూడటానికి వస్తున్నాడనగా పొద్దున్నే నాకు ఫోన్ చేసి, నీ కళ్లతో చూశాకే మాట్లాడమన్నాడు.

నేను గేటు దాకా వెళ్లలేదు. దారిలో ఏటి దగ్గరే ఆగిపోయాను.

నిన్న సాయంత్రం మోకాలి లోతు ఉన్న చోట అరికాలు కూడా తడవడం లేదు. మిగిలిన తడి చార వెంట నత్తలు పాకుతున్నాయి. పెద్ద చేపలు మడుగులోకి జారుకున్నాయి, వాటికి పర్వాలేదు. కానీ గులకరాళ్ల కింద మొన్ననే గుడ్లలోంచి వచ్చిన పిల్లలున్నాయి. పొట్ట కింద సొన సంచి వేలాడుతూ, ఇంకా ఈదడం రాక, సందుల్లో నక్కి ఉంటాయవి. నీళ్లు పోతుంటే వెంటపడి పోవడం వాటికి చేతకాదు. నేను పని మొదలుపెట్టాక ఈ ఏట్లో చేప గుడ్లు పెట్టడం ఇదే మొదటిసారి. పైనున్న రాళ్లు అప్పుడే ఆరి తెల్లబడుతున్నాయి.

ఈ నీళ్లు కొండ ఊటల నుంచి వస్తున్నాయని నమ్మాను. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకీ గొప్పగా అదే చెప్పాను. ఊట రాత్రికి రాత్రి ఆగిపోదు కదా. తలెత్తి చూస్తే మూడో గేటు కింద గోడ పొడిగా ఎండలో మెరుస్తోంది. గేట్లు ఎత్తే మోటారు గదికి పరిగెత్తాను.

మోటారు గదిలో బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్విచ్‌బోర్డు మీద దుమ్ము తుడుస్తున్నాడు. నా వాలకం చూసి, ఒప్పుకోవడానికి గొంతు పెగలడం లేదా అని ఎకసెక్కమాడాడు. గేటు ఎత్తమన్నాను. ఇదో కొత్త వంక అనుకున్నాడు. చెయ్యి పట్టుకుని వంతెన మీదికి లాక్కెళ్లి ఏరు చూపించాను. అప్పుడు నవ్వు ఆగింది.

"ఎత్తితే ఇంకా నాశనం," అన్నాడు చివరికి. "వెంట్రుకవాసి ఎత్తినా సందంతా నీళ్లు తన్నుకొస్తాయి. నీ రాళ్లూ పిల్లలూ కలిసి కొట్టుకుపోతాయి."

"మరి ఇన్నాళ్లూ ఎలా బతికింది ఈ ఏరు?"

"పాత సీలు కుడి మూల చిరుగులోంచి," అన్నాడు నా వైపు చూడకుండా.

అధికారికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. కొత్త సీలు ఆ మూలన తనే కోసేస్తానన్నాడు. ఆగమందామనుకున్నాను, ఈ మనిషి పరువు నా చేతుల్లో ఉందనిపించింది. తెల్లబడుతున్న రాళ్లు మళ్లీ చూసి మానుకున్నాను. బావ పెట్టెలోంచి రబ్బరు కోసే కత్తి తీశాడు. నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస కడ్డీకి చుట్టి నా చేతికిచ్చి, నిచ్చెన దిగాడు.

సీలు ఒక్క మూల తెగితే సరే. మొత్తం ఊడొస్తే ఆ ధార మనిషిని బండల మీదికి విసిరేస్తుంది. కత్తి కదలడం కనిపిస్తోంది, ఏమీ కావడం లేదు. ఉన్నట్టుండి నీళ్లు ఆయన ఛాతీ మీద కొట్టాయి. కాలు జారింది. తాడు నా అరచేతుల్లోంచి చర్మం లాక్కుంటూ పోయింది. గట్టిగా అరిచాననుకుంటాను. బావ నిచ్చెన పట్టుకుని లేచాడు. పక్కన ధార చేతిమందాన నిలకడగా దూకుతోంది.

నేను కిందికి పరిగెత్తాను. ఎండిన నేల నీళ్లని తాగేస్తోంది. ధార ముందుకి సాగుతుంది, ఇంకుతుంది, మళ్లీ సాగుతుంది. దాని పక్కనే నడుస్తూ, రా తల్లీ, రా అని బతిమాలుకున్నాను. గులకరాళ్ల దగ్గరికి చేరాక ఒక రాయి ఎత్తాను. కొన్ని పిల్లలు చచ్చి తెల్లగా అంటుకుపోయి ఉన్నాయి. వాటి పక్కన ఒకటి తోక ఆడించింది. ఇంకో రాయి కింద బోలెడు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

వంతెన ఎక్కేసరికి జీపు ఆగి ఉంది. అధికారి కిందికి తొంగి చూసి, కొత్త సీలన్నారు, పాతదే నయంలా ఉందే అన్నాడు. బావ తడిసిన ఇస్త్రీ చొక్కాతో నిలబడి, బిగించడం చేతకాలేదు సార్ అన్నాడు. ఆ మాట ఆ నోట వినలేకపోయాను.

"అది కారడం కాదు సార్. ఏటికి కావాలని నేనడిగాను, ఆయన వదిలారు."

ఎవరి అనుమతితో అని అధికారి గొంతు పెంచాడు. రేపే కొత్త సీలు పడాలన్నాడు.

"ఆ మూల అలాగే ఉంటుంది సార్," అన్నాడు బావ. "మళ్లీ బిగించాలంటే ఇంకొకర్ని చూసుకోండి."

గేటు కారుతుంటే చూసి బావ తలెత్తుకుని నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. జలుబు మాట నేను మళ్లీ ఎత్తలేదు.