పడుకుని చూసే టీవీ

ఓబలప్ప చెప్పులు విప్పి అంగడి గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాడు. బల్ల మీద వెలుగుతున్న టీవీని కింది నుంచి చూశాడు. బొమ్మలో మొహాలన్నీ నల్లబడిపోయాయి.

"ఇది వద్దప్పా," అన్నాడు లేవకుండానే.

రాబర్ట్‌సన్‌పేటలో ఆ అంగడి కేశవది.

"టీవీ కొనను వచ్చినావా, నా అంగట్లో కాపురం పెట్టను వచ్చినావా? లేచి నిలబడి చూడు మామా."

"చూసేది నేను కాదు కదా."

కేశవ నవ్వు ఆపేశాడు. ఓబలప్ప భార్య జయలక్ష్మమ్మను ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్న సంగతి అతనికి తెలుసు.

ఓబలప్ప కామసముద్రం చుట్టుపక్కల రైతుల పట్టుగూళ్లను పాత టెంపోలో కోలారు మార్కెట్టుకు తోలేవాడు. ఇంట్లో పట్టుపురుగులను పెంచేది జయలక్ష్మమ్మ. వేళకు మల్బరీ ఆకు వేయకపోతే పురుగు దక్కదు. అందుకే పెళ్లయిన నాటి నుంచి ఇద్దరూ కలిసి ఒక్క రాత్రి కూడా బయట పడుకున్నది లేదు. సరిగ్గా సాయంత్రం ఆకు వేసే వేళకే ఆమె సీరియల్ వచ్చేది. తట్టల నడుమ నిలబడి, గోడ అవతలి మాటలు వినేది. ఏడుస్తున్నది ఎవరో గొంతును బట్టి చెప్పేది గానీ, మొహాలు ఎరగదు. "యాడికన్నా పోయి, బొమ్మ చూస్కుంటా నిద్రపోవల్ల," అనేది.

ఆమె పడకేశాక పురుగుల గది ఖాళీ అయింది. ఓబలప్ప టెంపోలో మంచం బిగించాడు. పక్క రేకు కోసి కిటికీ పెట్టాడు. కప్పు మీద సోలార్ పలక వేయించాడు. ఇక టీవీ ఒక్కటే మిగిలింది.

"పెద్దది తీస్కో మామా," అన్నాడు కేశవ.

"బ్యాటరీ తెల్లారేదాకా ఉండల్ల. ఆయమ్మకు ఫ్యాను లేకుంటే ఊపిరాడదు."

కేశవ లోపలి నుంచి చిన్న టీవీ ఒకటి తెచ్చాడు. "ఇది పన్నెండు వోల్టులది. బండి బ్యాటరీకే తగిలించేయొచ్చు. కరెంటు బాగా తక్కువ. ఫోను నెట్టుతోనే సీరియళ్లు వస్తాయి."

ఓబలప్ప మళ్లీ పడుకున్నాడు. ఈసారి మొహాలు మొహాల్లాగే ఉన్నాయి. వెలుతురు తగ్గించమన్నాడు. కాసేపు ఆడనిచ్చి, వెనకవైపు అరచెయ్యి ఆనించాడు. పురుగుల తట్టల మీద వెచ్చదనం చూసే అలవాటు అది. పెద్దగా వేడెక్కలేదు.

"కట్టియ్యి."

మధ్యాహ్నానికి టీవీ టెంపోలో మంచం కాళ్ల వైపు గోడకెక్కింది. పక్కింటి పుష్పావతి సాయం పట్టి జయలక్ష్మమ్మను టెంపోలో పడుకోబెట్టింది.

"రాణి మాదిరి పోతా ఉండావే అక్కా!"

జయలక్ష్మమ్మ టీవీ వైపు చూసింది. "ఇంతేనా?"

"కరెంటు తక్కువ తాగుతాది మే," అన్నాడు ఓబలప్ప.

"నీ మాదిరే. నువ్వూ తక్కువ తింటావు, తక్కువ మాట్లాడతావు."

కుప్పం దారి పట్టేసరికి ఎండ చల్లబడింది. రాష్ట్ర సరిహద్దు దాటాక సీరియల్ మొదలైంది. స్టీరింగు దగ్గర అతనికి మాటలే వినబడుతున్నాయి. మొహాల సంగతి ఆమె వెనక నుంచి చెబుతూ ఉంది.

"నీలం చీర ఆయమ్మే అత్త. గొంతు విని ముసల్ది అనుకుంటా ఉన్న్యా. పాపం, చిన్నదే!"

"కోడలు?"

"కోడలు బాగుండాది. ఊరికే ఏడస్తాది అంతే."

కొంత దూరం పోయాక ఆమె చెప్పడం మానేసింది. నిద్ర పట్టిందేమో అనుకున్నాడు. కుదుపు లేకుండా ఇంకాస్త ముందుకు పోనిచ్చి, మామిడితోట పక్కన బండి ఆపాడు.

వెనక తలుపు తీశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నీలం చీర ఆమె ఎవరినో తిడుతోంది. జయలక్ష్మమ్మ కళ్లు సగం తెరుచుకునే ఉన్నాయి. పిలిచాడు. అరచెయ్యి ఆమె చెంపకు ఆనించి చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత టీవీ ఆపాడు.

ఆమె ఎప్పుడు జరిగిందో గానీ, ఆ ఇరుకు మంచం మీద గోడవారగా జరిగి ఉంది. ఇటువైపు మిగిలిన జాగాలో, అతని తల కోసం, తన శాలువా మడిచి పెట్టింది.