నీడలేని గొట్టం

ఆళ్లగడ్డలో ఆదిలక్ష్మమ్మ మిద్దె మీది గదిలో మట్టి నింపిన పన్నెండు గొట్టాలు గోడకు ఆనుకొని ఉండేవి. పుండరీకవల్లి పొద్దున్నే వాటిలో ఒకదాన్ని సంచిలో పెట్టుకొని నంద్యాల బస్సెక్కేది. అక్కడ ఒక కాలేజీ వాళ్లిచ్చిన ఇరుకు గదిలో చేతులకు తొడుగులేసుకొని, మూతికి గుడ్డ కట్టుకొని, గొట్టం మూత తీసి, ఆ మట్టిలో ఎప్పుడో చచ్చిపోయిన చెట్ల డీఎన్ఏ తునకలు వెతికేది. సాయంత్రం తిరిగొచ్చేది. రెండేళ్లుగా ఇదే పని. ఆ రెండేళ్లలో ఆమెతో ఎక్కువగా మాట్లాడింది ఎవరంటే బస్సు కండక్టరే.

డాక్టరేట్ అయ్యాక దొరికిన పరిశోధన అది. నల్లమల కొండ మీద పాతకాలంలో ఏమేం మొలిచేవో తేల్చాలి. చెంచు మద్దయ్య చూపించిన మడుగులో గొట్టాలు దించి, పొరలు పొరలుగా పేరుకున్న మట్టిని పైకి లాగారు. మొదటి గొట్టంలో మొన్నమొన్నటి మట్టి, పన్నెండోదాంట్లో పదివేల ఏళ్లు దాటినది. పుట్టింది అహోబిలంలోనే అయినా అన్న కాపురంలో గొట్టాలకూ ఆమెకూ చోటు సరిపోలేదు. అందుకే ఈ అద్దె గది.

ఆ మట్టిని చల్లగా ఉంచాలి. కాలేజీ ఫ్రిజ్‌కు కరెంటు కోత. గదిలో ఆ బాధ లేదు, ఏ కాలపు మట్టి చుట్టూ ఆ కాలపు చెట్ల నీడ పడుతుండేది. మూడో గొట్టానిది సందులేని చిక్కటి నీడ. ఏడోదానిది వెదురు నీడ, ఒక్కచోట నిలిచేది కాదు. రోహిణి కార్తెలో కూడా ఆ గదిలో దుప్పటి కప్పుకోవాల్సిందే. కిటికీలోంచి నీడ పడి మిరపకాయలు ఎండడం లేదని ఎదురింటి మణెమ్మ ఒకసారి సణిగింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

పన్నెండోదాని చుట్టూ మాత్రం నీడ అనదగ్గది లేదు. నేల మీద సన్నటి గీతలు కదిలేవి, అంతే.

"ఇదేందమ్మా, బోడిగుండు మాదిరి ఉండాది" అన్నాడు మద్దయ్య, గొట్టాలు మోసుకొచ్చి గదిలో దించిన రోజు. పుండరీకవల్లి కూడా దాన్ని తెరవకుండా చివరికి ఉంచింది.

2005 వేసవిలో పదకొండు గొట్టాల ఫలితాలొచ్చాయి. అన్నింట్లోనూ పసుపు. నిన్నటి మట్టిలోనూ, ఐదువేల ఏళ్ల నాటి మట్టిలోనూ అదే వంటింటి పసుపు, అంటే ఎక్కడో బయటిది కలిసి మట్టంతా చెడిపోయింది. జూన్ ఆఖరుకు శుభ్రమైన ఫలితం పంపకపోతే పని ఆగిపోతుందని హైదరాబాదు ప్రొఫెసర్ ముందే చెప్పాడు. అది ఆగితే ఆమెకు వేరే పని లేదు. వెళ్లడానికి వేరే ఇల్లూ లేదు.

ఇంటికొచ్చేసరికి ఆదిలక్ష్మమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"పెద్దమ్మా, నా గదిలోకి పసుపు తెచ్చావా?"

"తెచ్చినా. శుక్రవారం శుక్రవారం తెచ్చినా."

"ఎందుకు?"

"అంత నీడ ఇస్తాండాయి, ఊరికే ఎట్లుంటా? మూతలకు పూసి, నువ్వు చూడకముందే తుడిచేస్తాంటి." చాట పక్కన పెట్టింది. "మొగుడు పోయి ఇరవై రెండేండ్లాయ. నా చేతి పసుపు ఎవురూ తీసుకోల్యా పాపా. అవి తీసుకున్యాయి."

పుండరీకవల్లికి ఒళ్లు మండిపోయింది. "రెండేళ్లు, పెద్దమ్మా" అని మాత్రం అంది. పైకెళ్లి తలుపేసుకుంది. వారం రోజులు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

ఎనిమిదో రోజు మెట్ల మీద ఆగి అడిగింది. "పన్నెండోదానికి కూడా పూశావా?"

"దానికెందుకు పూస్తా? అది నీడ ఇయ్యదు కదా."

పుండరీకవల్లి ఆ రోజే దాన్ని నంద్యాల తీసుకెళ్లింది. ఫలితం వచ్చాక చూస్తే అందులో పసుపు లేదు. చెట్లూ లేవు. ఉన్నదంతా గడ్డి. ఇప్పుడు అడవి పట్టి ఉన్న ఆ కొండ ఒకప్పుడు ఒట్టి గడ్డికొండ. ఆ సంగతి అంతవరకూ ఎవరికీ తెలియదు.

"అదొక్కటి చాలమ్మా, ఇంకో ఏడాది పొడిగిస్తారు" అన్నాడు ప్రొఫెసర్ ఫోన్‌లో. "దాన్ని తీసుకొని ఇక్కడికి వచ్చెయ్. మిగతావి పారెయ్."

ఆమె పారేయలేదు. వెళ్లే రోజు, శుక్రవారం, పదకొండు గొట్టాల్నీ కిందికి మోసుకొచ్చి వాకిట్లో వరసగా నిలబెట్టింది.

"నాకెందుకు పాపా ఇవి?"

"నా పనికి రావు. నీడకు పనికొస్తాయి."

వాకిలి దాటి వీధి సగం దాకా నీడ పడింది. ఎండ మండిపోతోంది. మణెమ్మ శనక్కాయల చాట పట్టుకొని వచ్చి, ఇరవై రెండేళ్లుగా శుక్రవారం తొక్కని ఆ వాకిట్లో కూర్చుంది. ఆమె వెనక మరో ఇద్దరొచ్చారు. కాయలు ఒలవడం అయ్యాక మణెమ్మ లేచి, కాలు ముందుకు చాపింది.

"పెట్టక్కా. యింట్లో పనుంది, బిన్నా పోవాల."

ఆదిలక్ష్మమ్మ పసుపు గిన్నె తెచ్చి ఆ కాలికి పూసింది. పసుపు సగం నేల మీదే పడింది.

తర్వాత గిన్నె పట్టుకొని గేటు దగ్గరికొచ్చింది. పుండరీకవల్లి చంకలో గొట్టం చూసి రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"దానికి పెట్టనులే పాపా."

"దానికొద్దు" అని పుండరీకవల్లి గొట్టాన్ని వీపు వెనక్కి పెట్టుకొని, చెప్పు విడిచింది. "నాకు పెట్టు."

బస్సులో ఆమె పక్క సీటు హైదరాబాదు దాకా ఖాళీగానే ఉంది. గొట్టం చుట్టూ గడ్డి నీడ ఎదిగి, పసుపు పాదాల మీదుగా పిక్కల దాకా ఊగింది. ఆ నీడలో చూస్తే, అంత పెద్ద కొండ మీద ఒక్క చెట్టూ లేదు, ఆమె తప్ప మనిషీ లేదు. ఏడుపొచ్చింది. ఎవరూ చూడడం లేదు కనక తుడుచుకోలేదు.