పన్నెండింటికి దూకే సూర్యుడు

కోపం వస్తే తోమాసు నోరు విప్పడు, సామాను సర్దుతాడు. ఆ గురువారం పొద్దున స్పానర్లు, నూనె డబ్బా, పలుచని ఉక్కు రేకులు ఒక్కొక్కటే సంచిలో పడుతున్న చప్పుడు విని, భార్య ప్రేమమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"కొట్లాడతందుకు పోతున్నవా, సాగనంపతందుకు పోతున్నవా?" అని అడిగింది.

తోమాసు సంచి మూతి బిగించాడు. నిన్న సాయంత్రం మంచిర్యాల బజారులో టైపు దుకాణం అతను చదివి వినిపించిన వాక్యమే ఇంకా చెవుల్లో మోగుతోంది. శ్రీధర్‌రావు సారు శనివారం నిజామాబాదుకు, కూతురింటికి, సామానంతా సర్దుకుని పోతున్నాడు. తన దూరదర్శినిని అక్కడి కాలేజీకి ఇస్తూ ఒక కాగితం టైపు చేయించాడు. అందులో ఇట్లా ఉంది: "గొట్టాన్ని తిప్పే పళ్లచక్రంలో లోపం ఉన్నది. స్థానిక మెకానిక్ చేసినది. మధ్యాహ్నరేఖ దగ్గర పనిచేయదు."

స్థానిక మెకానిక్! పేరు కూడా లేదు. ముప్పై ఏళ్లు బొగ్గు బండ్లు నిలిపే రైలు సైడింగులో వ్యాగన్లు తూచే కాటాలు సరిచేసిన మనిషి తోమాసు. కాటా ముల్లు గీతకు ఒక వెంట్రుక పక్కన నిలబడితే ఆ రాత్రి అన్నం సహించేది కాదు. అటువంటివాడి పనిలో లోపమట. ఆ కాగితం కాలేజీకి చేరితే తను చచ్చిన తర్వాత కూడా అబద్ధం అక్కడ గోడకు వేలాడుతుంది. ఆ వాక్యం కొట్టేయించకుండా ఇంటికి రానని తోమాసు చెప్పులు తొడుక్కున్నాడు.

పన్నెండేళ్ల కిందట ఆ యంత్రాన్ని ఇద్దరూ కలిసి చేశారు. స్కూల్లో సైన్సు చెప్పే శ్రీధర్‌రావు హైదరాబాదులో పాత సామాన్ల బజారు నుంచి అద్దం తెచ్చాడు. తోమాసు చక్రానికి పళ్లు కోశాడు, పాత రికార్డు ప్లేయరు మోటారు బిగించాడు. ఆకాశంలో సూర్యుడు జరుగుతుంటే మోటారు గొట్టాన్ని అదే వేగంతో జరుపుతుంది. పొద్దుటి నుంచి కాగితం మీద సూర్యుడి బొమ్మ కదలకుండా నిలబడేది. తూర్పు సగం దాటి పడమటి సగంలోకి దిగే ఆ మధ్యాహ్నరేఖ దగ్గరికి రాగానే మాత్రం సూర్యుడు కాగితం మీద దూకేవాడు. చక్రం పళ్లు సరిగా లేవని సారు పిల్లలందరి ముందు అన్నాడు. నువ్వు యంత్రాన్ని ఉత్తర దిక్కుకు సరిగా చూసి పెట్టలేదని తోమాసు అన్నాడు. ఆనాటి నుంచి మాటల్లేవు.

శ్రీధర్‌రావు వాకిట్లో కట్టిన పెట్టెలు వరసగా ఉన్నాయి. పెరట్లో, సిమెంటు దిమ్మె మీద, దూరదర్శిని ఎండలో నిలబడి ఉంది. గొట్టం చివరి పలక మీద తెల్లకాగితం, కాగితం మీద అరచేతి వెడల్పున సూర్యుడు, సూర్యుడి లోపల గసగసాల గింజంత నల్లచుక్క. అది బుధగ్రహం. సూర్యుడికి అడ్డంగా నడిచి సరిగ్గా పన్నెండు ప్రాంతంలో బయటికి పోతుందని పేపర్లలో రాశారు. సారు చేతిలో రేడియో టైముతో సరిచేసి పెట్టుకున్న గడియారం.

"ఎందుకొచ్చినవ్?" అన్నాడు సారు, తల తిప్పకుండా.

"నా చక్రం నేను జూసుకుంటందుకొచ్చిన."

"ఇయ్యాల గాదు. అది బయటవడే నిమిషం రాసుకోవాలె నేను."

"సరిగ్గ ఆ నిమిషానికే గద నా చక్రం చెడిపోయేది. ఇయ్యాలనే జూద్దాం."

అడక్కుండానే తోమాసు సంచి దించాడు. ఉక్కు రేకులు ఒక్కొక్కటే పంటికీ పంటికీ మధ్య పెట్టి చూపించాడు. అన్ని పళ్లకూ ఒకటే సందు, అదీ వెంట్రుక మందం. ఆ మాత్రం సందు లేకపోతే ఏ చక్రమూ తిరగదని గట్టిగా చెప్పాడు. తర్వాత గొట్టాన్ని చక్రానికి బిగించే పట్టు వదులు చేసి వదిలేశాడు. ఒకవైపు గొట్టం, ఇంకోవైపు ఇనుప బరువు. ఎటు వంచితే అటే నిలిచింది. కాటా పెట్టినట్టే పెట్టానని, చీమ ఎక్కితే వంగుతుందని, ఇంతకంటే మంచి తూకం జిల్లాలో ఎవడు పెడతాడో చూపించమని అడిగాడు.

"మరెందుకు దుంకుతది?" అన్నాడు సారు, గొట్టాన్ని తిరిగి సూర్యుడి మీదికి తెచ్చి పట్టు బిగిస్తూ.

"ఉత్తరం నువ్వు పెట్టినవ్, నన్నడుగుతవేంది?"

పన్నెండుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా సూర్యుడు దూకాడు. చెయ్యి తగిలినట్టు బొమ్మ అంగుళం పక్కకు పడి, ఆగి, మళ్లీ ఊగింది. చిన్న గాలికే వణికింది. చుక్క సూర్యుడి అంచు వైపు నడుస్తోంది. అంచు ఎక్కడుందో తెలియడం లేదు. సారు గడియారం పట్టుకుని బూతులు తిట్టాడు. గురువులు తిట్టకూడని బూతులు.

తోమాసుకు కళ్లు ఎర్రబడ్డాయి. ఈ ఇనుమంతా ఊడదీసుకుని పోదామన్న కోపంలో తూర్పువైపున్న బరువును రెండు చేతులా పట్టుకున్నాడు. అతని చేతుల భారం దాని మీద పడింది.

సూర్యుడు నిలబడ్డాడు.

చేతులు తీశాడు, ఊగింది. పెట్టాడు, నిలిచింది. తోమాసుకు తన పాత కొలువు గుర్తొచ్చింది. గూడ్సు బండి ఎత్తు ఎక్కేటప్పుడు వ్యాగన్ల కొక్కేలు లాగిపెట్టి ఉంటాయి. ఎత్తు దాటి దిగుడులో పడగానే వెనక వ్యాగన్లు ముందువాటి మీదికి ఉరికి దడదడ కొట్టుకుంటాయి. సైడింగులో రోజూ విన్న చప్పుడే. మధ్యాహ్నరేఖ కూడా అటువంటి ఎత్తే. అంతవరకు ఒకపక్కకు ఆనిన పన్ను, గొట్టం పడమటికి వాలగానే, ఆ వెంట్రుకంత సందులో ఇంకోపక్కకు పడుతోంది. తూర్పువైపు కొంచెం బరువు ఎక్కువ ఉండుంటే పన్ను ఎప్పుడూ ఒకేపక్క ఆని ఉండేది. తను ఆ కొంచెం కూడా లేకుండా చేశాడు. కాటా పెట్టినట్టు పెట్టాడు.

సంచిలోంచి పెద్ద స్పానరు తీసి, తీగతో ఆ బరువుకు కట్టి, వెనక్కి జరిగాడు. బొమ్మ కదలలేదు. చుక్క అంచును తాకింది, అంచులో గాటులా మిగిలింది, పోయింది. సారు నిమిషం, సెకను రాసుకున్నాడు.

"చక్రం మంచిదే. ఉత్తరం గూడ మంచిదే," అన్నాడు తోమాసు. "తూకం తప్పు. మరీ సరిగ్గ పెట్టిన. నేనే పెట్టిన."

శ్రీధర్‌రావు లోపలికి పోయి ఆ టైపు కాగితం తెచ్చాడు. ఆ వాక్యాలు కలంతో కొట్టేశాడు. పైన "పళ్లచక్రం చేసినవారు: తోమాసు, కాటా ఫిట్టరు" అని రాశాడు. అప్పుడు గాని తల ఎత్తలేదు. ఆ మొహంలో తోమాసు ఎన్నడూ చూడని కోపం ఉంది.

"నా భార్య సరళ నాలుగు నెలలు మంచంల ఉన్నది," అన్నాడు. "ప్రేమమ్మ వచ్చినప్పుడల్లా, నీ మొగుడు రాలేదా అని అడిగేది. పాణం పోయిననాడు గూడ రాకపోతివి. ఒక్క స్పానరంత బరువు కోసం రాకపోతివి గదరా."

ప్రేమమ్మ ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. తను చెప్పనిచ్చింది లేదు.

"తప్పు నాదే సారు."

"తప్పు నీదంటే నాకేమొస్తది? శనివారం లారీ వస్తది. నువ్వు రాకు. నిన్ను జూసుకుంట బండెక్కుడు నాతోని గాదు."

"వస్త," అన్నాడు తోమాసు. "తిట్టు. తిట్టిచ్చుకుంటనే సామానెక్కిస్త."

శనివారం దాకా ఎందుకని శ్రీధర్‌రావు అక్కడే మొదలుపెట్టాడు. ఏ ఏటిది ఆ ఏడు, ఏ పండుగది ఆ పండుగ, వరసపెట్టి తిట్టాడు. తోమాసు పెరట్లో ఎండలో నిలబడి ఒక్కటీ వదలకుండా విన్నాడు.