మా చెల్లెలికి కూతురినైన వారం

నాకు డెబ్బై ఒకటి. ఈ మాట కాగితం మీద రాయడానికే చెయ్యి కాస్త మొరాయించింది, ఇక నోటితో అనడం గురించి చెప్పక్కర్లేదు. చూసినవాళ్ళు యాభై అంటారు. మర్యాదస్తులు ఇంకో రెండు తగ్గిస్తారు. స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి నడుము వంగలేదు, పొట్ట రాలేదు. జుట్టు సంగతి వేరు, అది నా స్వయంకృషి. ఎవరైనా మీ రహస్యం ఏమిటండీ అని అడిగితే, ఏముందండీ, నేను దేన్నీ పట్టించుకోను, అని నవ్వేసేదాన్ని. అద్దం ముందు ఎంతసేపు ఏమేం పట్టించుకుంటానో మా చెల్లెలికి తెలుసు. బాత్‌రూమ్ తలుపు అవతల సబ్బూ తువ్వాలూ పట్టుకుని పడిగాపులు పడేది తనే మరి.

చెల్లెలు నాకంటే అయిదేళ్ళు చిన్నది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉద్యోగమంతా ఒక స్టూలు మీద కూర్చుని చేసింది. మోకాళ్ళు పాడయ్యాయి, తల ముగ్గుబుట్టయింది, ఒళ్ళు వచ్చింది. వాటిలో ఏ ఒక్కదాని గురించీ బాధపడగా నేను చూడలేదు. భర్త పోయాక నా దగ్గరికే వచ్చేసింది. పిల్లలు లేరు. నేను పెళ్ళే చేసుకోలేదు. ఇద్దరం ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటాం. బయటికి వెళ్ళినప్పుడు జనం కుర్చీ తనకిచ్చి, బరువు నాకిస్తారు. ఆ బరువు మోయడంలో నాకుండే సంతోషం ఏమిటో తనకి బాగా తెలుసు, ఏమీ అనేది కాదు.

ఆ మోకాళ్ళలో ఒకదానికి ఆపరేషన్ తప్పదని డాక్టరు తేల్చేశాడు. ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు పొద్దున్న వార్డులో నర్సు వచ్చి బీపీ చూసి, నా వైపు తిరిగి, "మీ అమ్మగారికి మెత్తటి దిండు ఇంకోటి తెచ్చిపెట్టండి మేడమ్" అంది.

చెప్పాల్సింది. ఒక్క ముక్క, ఆవిడ మా చెల్లెలండీ, అంటే అయిపోయేది. కానీ ఆ నర్సు మొహంలో అనుమానమన్నది లేదు. నాకు ఎక్కడో లోపల చక్కిలిగింత పెట్టినట్టయింది. అలాగే సిస్టర్, అన్నాను.

చెల్లెలు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. మత్తులో ఉందిలే అనుకున్నాను. నర్సు వెళ్ళిపోయాక, కళ్ళు తెరవకుండానే, ఎక్స్ఛేంజిలో నంబరు అడిగే గొంతుతో, "అమ్మాయీ, కాస్త మంచినీళ్ళు" అంది.

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. ఇచ్చాను.

ఆ క్షణం నుంచి నేను కూతురిని. కూతురి బతుకు ఎంత కష్టమో డెబ్బై ఒకటో ఏట తెలిసింది. లిఫ్టు పేషెంట్లకే అని బోర్డు పెట్టారు కాబట్టి మందుల కోసం మెట్లు దిగాలి, ఎక్కాలి. చెల్లెలు ఏదీ ఒకేసారి చెప్పేది కాదు. పేపరు తెచ్చాక కళ్ళజోడు తుడిచే గుడ్డ గుర్తొచ్చేది, అది తెచ్చాక అరటిపళ్ళు. దుప్పటి మార్చాలి, బెడ్‌పాన్ పెట్టాలి, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంటే వెనక చేతులు చాచి నడవాలి. రాత్రికి నాకు పడక, మంచం పక్కన ఉన్న సన్నటి బల్ల. అది ఎవరు తయారుచేశారో గానీ మనుషులు ఒక పక్కకే తిరిగి పడుకుంటారని నమ్మినవాళ్ళు. వార్డులో అందరూ మాత్రం నన్ను ఆకాశానికెత్తేశారు. ఇలాంటి కూతురు ఉండాలి అని పక్క మంచం ఆవిడ తన కోడలికి వినబడేలా అంది. చెల్లెలు నిట్టూర్చి, చిన్నప్పుడు మాత్రం మహా మొండి ఘటమండీ, అని చెప్పింది.

నర్సు అటు తిరిగినప్పుడు చెవి దగ్గర వంగి, ఎప్పుడు ఆపుతావే ఈ నాటకం, అని అడిగాను. మొదలుపెట్టింది నువ్వు, నేను పేషెంటుని, నా చేతిలో ఏముంది, అంది.

ఎదురు మంచం మీద ఒక పెద్దావిడ ఉండేది. సన్నగా పుల్లలా, మాట తక్కువ. తుంటి ఎముకకి ఆపరేషనయింది. ఆవిడ కొడుకు సైకిళ్ళ షాపాయన. యాభై అయిదుకి దగ్గర్లో ఉంటాడు, మనిషి పొడుగరి, చేతి గోళ్ళలో ఎప్పుడూ కాస్త నల్లటి గ్రీజు. భార్య లేదట. పొద్దున షాపు తెరిచే ముందూ సాయంత్రం మూసిన తర్వాతా వచ్చి తల్లి దగ్గర కూర్చునేవాడు. నేను పెద్దావిడని మామ్మగారూ అని పిలిచేదాన్ని. వయసులో ఉన్నదాన్ని కదా, అలా పిలవడమే పద్ధతి అనిపించింది. నేనలా పిలిచినప్పుడల్లా ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, ఊఁ అనేది.

ఆ సైకిళ్ళ షాపాయన నన్ను గమనిస్తున్నాడని నాకు అర్థమైంది. ఇలాంటివి ఏ వయసులోనైనా అర్థమవుతాయి. చెల్లెల్ని చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెడుతుంటే పేపరు దించి చూసేవాడు. దుప్పటి దులుపుతుంటే చూసేవాడు. ఒకసారి కాఫీ తెచ్చి, మీరు పొద్దుటి నుంచి కూర్చోలేదు, అన్నాడు. అలవాటేనండీ, అన్నాను. కాళ్ళు పీకుతున్నాయి, తేలు కుట్టినట్టు నడుము సలుపుతోంది, అయినా కూర్చోలేదు. అంతటితో ఊరుకున్నానా, అతను వచ్చే వేళకి కిటికీ దగ్గర నిలబడి చేతులు పైకెత్తి, పక్కలకి వంగి, డ్రిల్లు మొదలుపెట్టాను. మూడో వంపులో నడుములో ఏదో టక్కుమంది. కిటికీ బయట ఏదో చూస్తున్నట్టు అలాగే వంగి కాసేపు ఉండిపోయాను. పార్కింగులో చూడదగ్గది ఏమీ లేదు.

ఇంటికి పంపించడానికి ముందురోజు నేను మందులకి వెళ్ళి వచ్చేసరికి చెల్లెలు వింతగా చూసింది. సైకిళ్ళ షాపాయన వచ్చి తనతో మాట్లాడాడట. మీ అమ్మాయికి ఇల్లూ పిల్లలూ ఏమైనా బాధ్యతలున్నాయా అని అడిగాడట. ఏమీ లేవు, ఒంటరిదే, అని చెప్పిందట. ఆరోగ్యం ఎలా ఉంటుందని అడిగాడట. గుర్రంలా ఉంటుందని చెప్పిందట. అయితే రేపు మీ అమ్మాయితో ఒక మాట మాట్లాడతానండీ, మీకు అభ్యంతరం లేకపోతే, అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"తల్లిగా నేనేమంటాను? నీ ఇష్టం, దాని ఇష్టం అన్నాను."

ఆ రాత్రి బల్ల మీద నాకు నిద్ర పట్టలేదు. నేను ఒప్పుకోనని నాకు తెలుసు. కానీ కాదనడానికి ముందు మనిషికి ఒకటి ఉంటుంది చూడండి, అడిగించుకోవడం, దానికోసం నా గుండె పదహారేళ్ళ పిల్ల గుండెలా కొట్టుకుంది. డాక్టరుకి చెబితే వేరే పేరు పెట్టేవాడేమో. ఎంత మృదువుగా కాదనాలో కూడా ఆలోచించుకున్నాను. మీరు చాలా మంచివారు, అని మొదలుపెట్టాలనుకున్నాను. పొద్దున్నే లేచి, సంచీ అడుగున ఉన్న నీలం డ్రెస్సు తీసి వేసుకున్నాను.  

వరండాలో నీళ్ళ ఫిల్టరు పక్కన ఆయన నా కోసం నిలబడి ఉన్నాడు. గోళ్ళు శుభ్రంగా తోముకుని వచ్చాడు. నాకది చాలా నచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదండీ, అన్నాడు. పరవాలేదు చెప్పండి, అన్నాను.

"వారం రోజులుగా మిమ్మల్ని చూస్తున్నాను. ఇంత ఓపిక ఉన్న మనిషిని నేను చూడలేదు. మా అమ్మ ఇంటికొస్తే చూసుకోవడానికి ఎవరూ లేరు. మీ అమ్మగారు కాస్త కోలుకున్నాక, పగటిపూట వచ్చి మా అమ్మని చూసుకుంటారా? జీతం మీరెంతంటే అంత."

మీరు చాలా మంచివారు, అనేశాను. నోట్లో సిద్ధంగా ఉన్నది అదే మరి.

ఆయన సంతోషంగా, ఒప్పుకున్నట్టేనా, అన్నాడు. అమ్మని లేపాలంటే కండబలం ఉండాలి, ముసలివాళ్ళయితే లాభం లేదు, మీలాంటి వయసువాళ్ళయితేనే, అని ఇంకా ఏదో చెబుతున్నాడు. నా మొహంలోకి రక్తమంతా వచ్చింది. కోపం ఆయన మీద కాదు. ఆ నీలం డ్రెస్సు మీద.

"నాకు డెబ్బై ఒకటండీ" అన్నాను.

ఎన్నేళ్ళకో ఆ అంకె నా నోట్లోంచి బయటికొచ్చింది. పిడుగేదో పడుతుందనుకున్నాను. ఆయన మొహం మాత్రం చిన్నబోయింది. ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదండీ, నేనేమీ అనుకోను, దానికి అబద్ధం ఎందుకు, అన్నాడు.

జీవితమంతా నేను చిన్నదాన్నని నమ్మించడానికి పాటుపడ్డాను. ఆ వరండాలో నేను ముసలిదాన్నని నమ్మించడానికి పడ్డ పాటు ముందు అది ఏ మూలకీ రాదు. రిటైరై ఎన్నేళ్ళయిందో చెప్పాను. కళ్ళకి రెండు ఆపరేషన్లూ అయ్యాయని చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు, అప్పు అడిగినవాడి కథ విన్నట్టు. చివరికి చెయ్యి పట్టుకున్నంత పని చేసి వార్డులోకి తీసుకొచ్చి చెల్లెలి మంచం ముందు నిలబెట్టాను. నా వయసెంతో చెప్పవే, నీకు నేనేమవుతానో చెప్పు, అన్నాను.

చెల్లెలు మమ్మల్ని ఇద్దర్నీ తీరిగ్గా చూసింది.

"పని చెప్తే చాలు బాబూ, చిన్నప్పటి నుంచీ ఇది ఇంతే" అంది.

అప్పుడే ఎదురు మంచం మీద నుంచి మామ్మగారు మాట్లాడింది. వారంలో ఆవిడ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. నిజమే చెబుతోందిరా, అంది కొడుకుతో. కూర్చునే ముందు కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుంటుంది. మందుల చీటీ చెయ్యంత దూరం పెట్టి చదువుతుంది. మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని అప్పుడు లోపలికి వస్తుంది, మనకి కనబడకూడదని. నాకు డెబ్బై మూడు, నాకు తెలీదా.

తర్వాత నా వైపు తిరిగింది. "పైగా నన్ను మామ్మగారూ అంటుంది."

చెల్లెలు ఇక ఆగలేకపోయింది. దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వితే ఆపరేషనైన మోకాలు కదిలి అమ్మో అని మూలిగి, మళ్ళీ నవ్వింది. మా అక్కండీ, పెద్దది, అని కళ్ళు తుడుచుకుంటూ ఒప్పుకుంది. నర్సు దిండు గలీబు మారుస్తూ అలాగే నిలబడిపోయింది. సైకిళ్ళ షాపాయన నాకు చేతులు జోడించి, క్షమించండమ్మా, అన్నాడు. వారం రోజుల మేడమ్ ఒక్క క్షణంలో అమ్మ అయిపోయింది. ఆయన చటుక్కున ఒక కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

కూర్చున్నాను. ముందు చేత్తో తడుముకునే కూర్చున్నాను, అందరూ చూశారు. నిజం చెప్పొద్దూ, ఆ కుర్చీ అంత హాయిగా నాకు ఆ వారంలో ఏదీ అనిపించలేదు.

పని సంగతి మామ్మగారే తేల్చేసింది. నన్ను ఎత్తడానికి ఎవరైనా బలమైన మనిషిని పెట్టుకో, ఈవిడ ఊరికే వచ్చి ఎక్సర్‌సైజులు చేయిస్తే చాలు, నాకు తోడుంటుంది, అంది కొడుకుతో. జీతం మాట ఎత్తగానే నేను వద్దన్నాను. ఇప్పుడు వారంలో మూడు రోజులు వాళ్ళింటికి వెళ్తున్నాను. ఆవిడ మంచం అంచున కూర్చుంటుంది, నేను ఎదురుగా స్టూలు మీద. కాలు చాపండి, మడవండి, అని నేను చెబుతుంటే ఆవిడ చేస్తుంది. చూపించడానికి నేనూ చేస్తాను. రెండు జతల మోకాళ్ళ చప్పుళ్ళూ కలిసి వినబడతాయి. అక్కడ నేను గుమ్మం దగ్గర ఆగను. లోపలికి వచ్చి, స్టూలు మీద కూలబడి, అబ్బా అంటాను. ఆవిడ నా ఆయాసం తగ్గేదాకా ఆగి, అప్పుడు మొదలుపెడదామంటుంది. ఇప్పుడు నేనావిడని అక్కయ్యగారూ అంటున్నాను. దానికీ ఊఁ అనే అంటుంది గానీ చూపులో తేడా ఉంది.

ఇదంతా చదివి నాకు బుద్ధి వచ్చిందనుకుంటారేమో. మొన్న ఆవిడ నిదానంగా ఉన్నప్పుడు చూసి అడిగేశాను. మీరు ఉన్నదున్నట్టు చెప్పే మనిషి, మొహమాటం లేకుండా చెప్పండి, నా వయసు తెలియనివాళ్ళకి నేను ఎంతదానిలా కనబడతాను, అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. కిటికీ వైపు తిరగమంది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, మెడ దగ్గర కాస్త ఎక్కువసేపు చూసింది. చూసి చూసి, "అరవై తొమ్మిది" అంది.

కాలు చాపండి, అన్నాను. ఆ పూట ఆవిడతో రోజూ కంటే చాలా ఎక్కువసార్లు చాపించాను.